ఇరవై ఒక్క రోజుల అభిప్రాయం
(బాలగోపాల్ స్మృతిలో చేసిన ఉపన్యాసపాఠం)



బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పారు. తర్వాత నల్లకోటు వేసుకుని పేదల కేసులు వాదించారు. 2009 అక్టోబరు 8న వెళ్లిపోయారు. లెక్కల మాష్టారూ ప్లీడరూ ఒకే మనిషిలో ఉన్నందుకో ఏమో, ఏ సమస్య ఎత్తుకున్నా ముందు ఆ మాట చట్టంలో ఎక్కడుంది, ఎంతవరకు సాగుతుంది అని చూడటం ఆయన రాతల్లో కనిపించే అలవాటు. ఆయన పేరు మీద కూడిన సభలో నినాదంతో కాక ఒక సెక్షనుతో మొదలుపెట్టడమే మర్యాద అనుకుంటాను. ఈ రోజు నా విషయం రోడ్లు, బస్సులు, మెట్రో. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాటి మీద జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి మన ప్రభుత్వాల దగ్గర ఉన్న పద్ధతి.

జాతీయ రహదారుల చట్టం 1956 నాటిది. భూసేకరణకు సంబంధించిన సెక్షన్లు మాత్రం 1997 సవరణతో అందులో చేరాయి. ఫలానా భూమి రహదారికి కావాలని కేంద్రం గెజిట్‌లో ప్రకటించడం 3ఏ. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయించాలి, వాటిలో ఒకటి స్థానిక భాషది కావాలి. 3సీ ప్రకారం ఆ భూమితో సంబంధం ఉన్నవాళ్లు ఇరవై ఒక్క రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. అధికారి విని, ఒప్పుకుంటారు లేదా తోసిపుచ్చుతారు. ఆ ఉత్తర్వే అంతిమం. ఆపైన 3డీ. అది గెజిట్‌లో అచ్చయిందంటే భూమి కేంద్రానిదైపోయినట్టే, పరిహారం ఇంకా లెక్కకు రాకపోయినా సరే. రెవెన్యూ ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతులకు ఈ అక్షరాలు నోటికొచ్చు. "త్రీడీ అయిపోయింది" అంటే ఇక చేసేదేం లేదని అర్థం.

ఆ పత్రికా ప్రకటనను ఒకసారి దగ్గరగా చూడండి. పేజీ నిండా చీమల బారులాంటి అక్షరాలతో ఒక పట్టిక. వరుస సంఖ్య, గ్రామం, సర్వే నంబరు, మెట్టా మాగాణా, విస్తీర్ణం. విస్తీర్ణం హెక్టార్లలో. తెలంగాణ రైతుకు భూమి ఎకరాలూ గుంటలూ, ఆంధ్రలో ఎకరాలూ సెంట్లూ. ఎకరం పది గుంటలు పోతున్న రైతుకు పట్టికలో కనిపించేది సున్నా పాయింటు ఐదు సున్నా ఆరు. రోడ్డు ఎటునుంచి ఎటు పోతుందో చూపించే గీత అందులో ఉండదు. పక్క ఊరి మీదుగా పోవడానికి ఇంకో దారి ఉందా, దాన్ని ఎందుకు వద్దన్నారు అన్నదీ ఉండదు. తన సర్వే నంబరును వెతుక్కోగలిగినవాడు వెతుక్కుంటాడు, వెతుక్కున్నాక అతను చెప్పగలిగింది ఒక్కటే: నాది తీసుకోవద్దు. చట్టం అతన్ని అడిగింది కూడా అంతే. ఆ భూమిని ఆ పనికి వాడటం మీద నీకు అభ్యంతరం ఉందా అని. రోడ్డు అవసరమా, ఇంత వెడల్పు కావాలా, ఇటా అటా అని అడగలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అభ్యంతరం వేరు, అభిప్రాయం వేరు. మన వ్యవస్థ మొదటిదాన్ని మాత్రమే స్వీకరిస్తుంది, అదీ గీత గీసేశాక, అదీ భూమి పోయేవాళ్ల దగ్గర మాత్రమే. ఆ తర్వాత వచ్చిన అర్జీల కట్టను చూసి, ప్రజలు అభివృద్ధిని అడ్డుకుంటున్నారని ఒక వర్గమూ, ప్రజలు ప్రాజెక్టును తిరస్కరించారని మరో వర్గమూ అంటారు. రెండూ తప్పే. అడగని ప్రశ్నకు జవాబు అర్జీల్లో ఎలా దొరుకుతుంది?

హైదరాబాద్ చుట్టూ తలపెట్టిన రీజినల్ రింగు రోడ్డు దీనికి మంచి ఉదాహరణ. దాదాపు 340 కిలోమీటర్లు. సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, జగదేవ్‌పూర్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా ఉత్తర భాగం. చౌటుప్పల్ నుంచి ఆమనగల్, షాద్‌నగర్, చేవెళ్ల వైపుగా తిరిగి సంగారెడ్డికి దక్షిణ భాగం. భువనగిరి పక్కన రాయగిరి రైతులు లైను మార్చమని ఆందోళన చేశారు. 2023 జూన్‌లో వాళ్లలో కొందరిని బేడీలతో కోర్టుకు తీసుకొచ్చారు, అది రాష్ట్రమంతా చూసింది. 2025 సెప్టెంబరులో దక్షిణ భాగం రైతులు హైదరాబాద్ నడిబొడ్డుకు వచ్చి మహానగరాభివృద్ధి సంస్థ కార్యాలయం ముందు కూర్చున్నారు. పెద్దల భూములు తప్పించడానికి పాత లైనును వంచారన్నది వారి ఆరోపణ. అది నిజమో కాదో నేను తేల్చలేను. కానీ ఒకటి గమనించండి. ఉత్తరాన గానీ దక్షిణాన గానీ ఆ రైతుల్లో ఎక్కువమంది మాట "రోడ్డు వద్దు" కాదు, "ఇటే ఎందుకు" అని. ఇది అభిప్రాయంగా వినవలసిన ప్రశ్న. దీన్ని వేసుకోవడానికి చోటు లేక, అభ్యంతరాల పెట్టెలో వేశారు. అక్కడా దిక్కు లేకపోయేసరికి రోడ్డెక్కారు.

ఆ ప్రశ్నకు చోటు కల్పించిన చట్టం మనకు లేకపోలేదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని ఒక అధ్యాయం ఉంది. అడుగుతున్న భూమి ఆ పనికి తప్పనిసరిగా కావలసిన కనీసమేనా, వేరే చోటు చూశారా, చూస్తే అది ఎందుకు కుదరలేదు అని అందులో పరిశీలించాలి. బాధిత ప్రాంతంలోనే బహిరంగ విచారణ పెట్టాలి. నివేదికను స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఇంత చక్కటి ప్రశ్నలు మన చట్టాల్లో అరుదు. అయితే అదే చట్టం నాలుగో షెడ్యూలులో పదమూడు చట్టాలకు మినహాయింపు ఇచ్చింది, జాతీయ రహదారుల చట్టం అందులో ఒకటి. 2015 నుంచి పరిహారం లెక్కలు రహదారులకూ వర్తింపజేశారు. 2019లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సొలేషియం, అంటే బలవంతంగా భూమి తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము, కూడా ఇవ్వాల్సిందేనంది. మంచిదే. డబ్బు విషయంలో రైతు మిగతా భూసేకరణ బాధితులతో సమానమయ్యాడు. అడిగించుకోవడంలో మాత్రం కాలేదు. పర్యావరణ అనుమతి దారిలో వచ్చే బహిరంగ విచారణ కూడా 2013 ఆగస్టులో కుదించుకుపోయింది. అంతకుముందు జాతీయ రహదారి విస్తరణ 30 కిలోమీటర్లు దాటితే అనుమతి పరిధిలోకి వచ్చేది, సవరణ తర్వాత ఆ గీత 100 కిలోమీటర్లకు జరిగింది. పెద్ద రోడ్డును ముక్కలుగా కోసి చూపించడం ఎంత తేలికో కాంట్రాక్టుల సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు భూమి పోయేవాళ్ల గురించి మాట్లాడాను. నిజానికి వాళ్లను అరకొరగానైనా అడుగుతారు. అసలే అడగనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. దాని మీదికి బైకుకు, ఆటోకు ప్రవేశం లేదు. అవి పక్కన సర్వీసు రోడ్డులో పోవాలి. వేగంగా పోయే దారిలో వాటిని రానివ్వకపోవడం భద్రత దృష్ట్యా సబబే కావచ్చు. కానీ ఆ రోడ్డు పొడవునా ఊళ్లలో ఉండేవాళ్లలో కారు ఉన్నవాళ్లెందరు, టూవీలరు మీద, బస్సు మీద బతికేవాళ్లెందరు? సర్వీసు రోడ్డు ఎలా ఉండాలి, ఎక్కడ బస్సు ఆగాలి, కింద దాటే దారి ఎక్కడ కావాలి అన్న ప్రశ్నలకు వాళ్ల దగ్గర జవాబులున్నాయి. వాటిని రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

హైదరాబాద్–విజయవాడ దారి సంగతి చూడండి. నాలుగు వరుసలు 2012కి పూర్తయ్యాయి. ఊరు ఒక పక్క, పొలమో బడో ఇంకో పక్క పడిన చోట్ల జనం ఏం చేశారో ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు. యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉంటే రాంగ్ రూటులో పోతారు. డివైడరులో మొక్కలు తొక్కి బాట వేస్తారు. ఇనుప కంచె వేస్తే ఒక కమ్మీ వంచుతారు. ఆ వంగిన కమ్మీ కూడా ఒక అభిప్రాయమే. మహజరులో రాసుకునేటప్పుడు మాత్రం అది నిబంధనల ఉల్లంఘన అవుతుంది. చిట్యాల, పెద్దకాపర్తి లాంటి చోట్ల అండర్‌పాస్‌ల పనులు పదేళ్లు దాటాక మొదలయ్యాయి, అదీ ఆ చోట్లకు బ్లాక్ స్పాట్లని పేరు పడ్డాక. బ్లాక్ స్పాట్ అంటే ఏమిటి? నిర్ణీత కాలంలో ఇన్ని ప్రమాదాలు జరిగితేనో ఇంతమంది పోతేనో ఆ పేరు వస్తుంది. అంటే రోడ్డు దాటేవాళ్ల అభిప్రాయాన్ని మనం శవాల లెక్కతో తెలుసుకుంటున్నాం. కటువుగా ఉందని తెలుసు. ఇంకో మాట దొరకలేదు.

బస్సు ప్రయాణికుల విషయం ఇంకా విచిత్రం. రోడ్డు వెడల్పు చేయడానికి గెజిటైనా ఉంటుంది. పల్లెవెలుగు సర్వీసు ఎత్తేయడానికి ప్రకటనే అక్కర్లేదు, మరుసటి రోజు బస్సు రాదు, అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మొదటి వారంలోనే బస్సులు కిక్కిరిశాయి. ఆటోడ్రైవర్లు తమ గిరాకీ పోయిందని వీధికెక్కారు. పథకం ఖర్చు మీద ఎవరి వాదన వారిది, ఇక్కడ నాకు దాని జోలి అక్కర్లేదు. ఆ కిక్కిరిసిన బస్సులు చెప్పింది మాత్రం వినాలి. పోవాల్సిన పని ఉండి, టికెట్టు డబ్బులకు వెనకాడి ఇంట్లో ఆగిపోయిన ప్రయాణాలు ఇన్ని ఉన్నాయని ఏ డీపీఆర్‌లోనైనా, అంటే సవివర ప్రాజెక్టు నివేదికలోనైనా, ఉందా? ట్రాఫిక్ సర్వేలో రోడ్డు పక్కన కూర్చుని వాహనాలు లెక్కపెడతారు. బయల్దేరని మనిషి ఆ లెక్కలోకి రాడు, ఆడమనిషి అసలే రాదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒక పక్కకే తూచినట్టవుతుంది. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. అక్కణ్నుంచి ఫలక్‌నుమా దాకా పోవాల్సిన ఐదున్నర కిలోమీటర్లు మొదటి ప్రణాళికలోవే. ప్రార్థనాస్థలాలు, పాత కట్టడాలు, దుకాణాలు అడ్డం వస్తాయన్న అభ్యంతరాల మధ్య ఆ ముక్క ఏళ్ల తరబడి పడి ఉంది. ఆ భాగానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. అభ్యంతరం చెప్పినవాళ్లకు పేరుంది, చిరునామా ఉంది, నాయకులున్నారు. ఫలక్‌నుమా నుంచి రోజూ అమీర్‌పేటకు పనికి పోయే అమ్మాయికి అవేవీ లేవు. అందుకే అభ్యంతరాన్ని అభిప్రాయంగా భ్రమిస్తే నష్టపోయేది రైతు మాత్రమే కాదు. ఒకచోట గోడు వినకుండా రోడ్డు వేస్తాం, ఇంకోచోట గోడు ఒక్కటే విని రైలు ఆపుతాం. అడగవలసినవాళ్లను అడగకపోవడం రెండుచోట్లా ఒకటే.

ఇక నాకు ఎదురయ్యే వాదనలు. మొదటిది: ఐదేళ్లకోసారి ఓటేస్తున్నారు కదా, అదే అభిప్రాయం. ఎన్నికల్లో ఒక్క ఓటు పింఛను మీద, కులం మీద, అభ్యర్థి మీద, కరెంటు మీద కలగాపులగంగా పడుతుంది. ఎంత కలగాపులగమో చెప్పడానికి అమెరికాలో సియాటిల్ ఉదాహరణ ఉంది. రెడ్మండ్, బెల్వ్యూల్లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి కాబట్టి అది మనకు మరీ పరాయి ఊరు కాదు. అక్కడ రైలు మార్గాలకు పన్ను వేయాలంటే నేరుగా జనాన్ని అడుగుతారు. 2007లో రోడ్లూ రైలూ కలిపి ఒకే ప్రశ్నగా పెట్టారు. ఓడిపోయింది. పన్ను ఎక్కువని కొందరు, రోడ్లు వేస్తున్నారన్న కోపంతో పర్యావరణవాదులు కొందరు, ఇద్దరూ వద్దనే మీటే నొక్కారు. మరుసటి ఏడాది, ఆర్థిక సంక్షోభం నడుస్తుండగా, రైలూ బస్సులూ మాత్రమే అడిగితే 57 శాతం దాకా ఔనన్నారు. ఏడాదిలో జనం మారలేదు, ప్రశ్న మారింది. రెండు విషయాలు కలిపితేనే జవాబు అంత తారుమారైతే, యాభై కలిపిన ఎన్నికల ఫలితంలోంచి ఫలానా ఊరి బైపాస్ మీద అభిప్రాయాన్ని ఏరుకోవడం సాధ్యమా?

అదే ఊరు నా వాదనకు చేదు గుళిక కూడా. 1968లో అక్కడ రైలు వ్యవస్థకు సగానికి కాస్త పైగా ఓట్లు వచ్చాయి, కానీ నియమం ప్రకారం 60 శాతం కావాలి. 1970లో మళ్లీ అడిగితే ఇంకా తగ్గాయి. కేంద్రం ఇవ్వబోయిన నిధులు అట్లాంటాకు పోయాయి. సియాటిల్ ఆ తర్వాత ఒక తరం మొత్తం రైలు లేకుండా గడిపింది. అడగడంలో ఇలాంటి మూల్యం ఉంది. దాన్ని దాచి పెట్టి ప్రజాభిప్రాయం గొప్పదని చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే నేను ప్రతి రోడ్డుకూ ఓటింగు పెట్టమని అనడం లేదు. అడగడం వేరు, తీర్పు అప్పగించడం వేరు.

రెండో వాదన ఇంకా గట్టిది. వాడి చూడని దాని మీద జనానికి ఏం తెలుస్తుంది? నిజమే. 2005లో ఎడిన్‌బరోలో నగరంలోకి వచ్చే వాహనాలకు రద్దీ రుసుము పెట్టాలా అని ముందే అడిగారు, ముప్పావు వంతు మంది వద్దన్నారు. స్టాక్‌హోంలో ముందు ఏడు నెలలు పెట్టి చూపించారు, 2006 జనవరి నుంచి జులై దాకా. నగరంలోకి వచ్చే వాహనాలు సుమారు ఐదో వంతు తగ్గాయి. సెప్టెంబరులో అడిగితే నగరవాసుల్లో సగానికి పైగా సరేనన్నారు. మొదలుపెట్టక ముందు అక్కడ కూడా ఎక్కువమందికి అది నచ్చలేదు. దీన్నిబట్టి జనాన్ని అడగొద్దని తేల్చేవాళ్లున్నారు. నాకు తోచింది వేరు. చూపించి అడగాలి. ఆకాశంలో వంతెన కట్టి చూపించలేం, కానీ బస్సుకు ఒక వరుస వదిలి మూడు నెలలు నడిపి చూడటానికి కావలసింది రంగూ, శంకువులూ, నలుగురు కానిస్టేబుళ్లూ. ఢిల్లీలో 2008లో మొదలైన బస్ కారిడార్ ఆరు కిలోమీటర్ల లోపే. కారులో కూర్చున్నవాళ్ల విసుగు టీవీల్లో రోజూ వినిపించింది, 2016లో దాన్ని తవ్వేశారు. అందులో బస్సు ఎక్కినవాళ్లను నిలబెట్టి అడిగి ఆ లెక్కను కూడా అంతే గట్టిగా చెప్పి ఉంటే ఏమయ్యేదో.

మూడో వాదన అధికారులు చెవిలో చెప్పేది: గీత ముందే బయటపెడితే బ్రోకర్లు వాలిపోతారు, ధరలు పెరుగుతాయి, సర్కారు మునుగుతుంది. విన్నప్పుడల్లా నవ్వొచ్చే వాదన ఇది. రింగు ఎగ్జిట్‌కు ఐదు నిమిషాలే అన్న వెంచర్ బోర్డు ఏ ఊళ్లోనైనా గెజిట్ కన్నా ముందే మొలుస్తుంది. గోప్యత బ్రోకరుకు కాదు, రైతుకే అడ్డం. ధరల భయమే అయితే మందు చట్టంలోనే ఉంది. 2013 చట్టం 11వ సెక్షను ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి క్రయవిక్రయాలు కుదరవు. అలాంటి కట్టడిని మరికాస్త ముందుకు జరిపితే సరిపోతుంది. ఇక ఆలస్యం అంటారా, అడగనందువల్ల అయిన ఆలస్యాన్ని కూడా ఆ పద్దులో వేయండి. చెన్నై–సేలం ఎనిమిది వరుసల దారి, 277 కిలోమీటర్లు. 2018లో పోలీసు బందోబస్తుతో కొలతలు వేశారు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు భూసేకరణను కొట్టేసింది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్లు చెల్లుతాయంది. కేసు గెలిచినా రోడ్డు మాత్రం పడలేదు.

మరి ఎప్పుడు, ఎవర్ని, ఏమని అడగాలి? డీపీఆర్ తయారుచేసేటప్పుడు సాధారణంగా రెండు మూడు దారులు పోల్చి చూస్తారు. ఏది ఎంత పొడవు, ఎంత మాగాణి పోతుంది, ఎన్ని ఇళ్లు, అడవెంత, ఖర్చెంత అని ఒక పట్టిక ఉంటుంది. నిర్ణయం జరిగేది ఆ కాగితం మీద. దాన్ని తెలుగులో, ఎకరాలూ గుంటల్లో, గీతలతో సహా గ్రామ పంచాయతీ గోడకు అంటించండి. 3ఏ తర్వాత కాదు, ముందు. ఏ దారి ఎంచుకున్నారో, మిగతావి ఎందుకు వదిలారో గ్రామసభలో ఒక ఇంజనీరు వచ్చి నోటితో చెప్పాలి. భూమి పోయేవాళ్ల తర్వాత, అడగవలసిన రెండో గుంపు భూమి లేనివాళ్లు. వాళ్లు ఆఫీసుకు రారు కాబట్టి బస్టాండులో, బడి దగ్గర, సంతలో అడగాలి. అడిగేవాళ్లలో ఆడవాళ్లుండాలి. మీకు రోడ్డు కావాలా అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు, ఆ సర్వే పనికిరాదు. ఈ డబ్బుతో వంతెనా, ఇరవై బస్సులా, అండర్‌పాసా అని అడగాలి. ధర చెప్పకుండా అడిగింది అభిప్రాయం కాదు, పెళ్లివారిని మర్యాదకు భోజనం చేశారా అని అడిగినట్టు. చివరికి ప్రభుత్వం తన నిర్ణయమే తీసుకోవచ్చు, అది దాని హక్కు. వచ్చిన మాటల్లో ఏది ఒప్పుకుంది, ఏది కాదంది, ఎందుకు కాదంది అన్నది అచ్చులో ఉండాలి. కోర్టుకు పోయినా రైతు చేతిలో ఆ కాగితం ఉంటుంది.

ఇవేవీ రావడానికి చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. పట్టికను అంటించవద్దని, గ్రామసభకు పోవద్దని ఏ సెక్షనూ అనలేదు. ఆ పని మొదలయ్యేదాకా ఈ సభలోని చదువుకున్న మిత్రులకు నా మనవి ఒకటే. పత్రికలో ఆ చీమల బారు పేజీ కనిపిస్తే తిప్పేయకండి. అందులో మీకు తెలిసిన ఊరి పేరుందేమో చూసి, ఆ ఊళ్లో ఒకరికి ఫోను చేసి, హెక్టార్లను గుంటల్లోకి మార్చి చెప్పండి. ఆ రోజే చెప్పండి. చట్టం మాట ప్రకారం ఇరవై ఒక్క రోజులు గెజిట్ తేదీ నుంచే లెక్క, పేపరు మన చేతికొచ్చిన రోజు నుంచి కాదు.